సాన్ లూయీలో ఎక్కడ దిగాలి?

సెనెగల్ దేశపు సాన్ లూయీకి వెళ్లాలనుకునేవారు టికెట్లు కొనకముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఎక్కడ దిగాలి? ఊరు మూడు ముక్కలుగా ఉంటుంది. తూర్పున ప్రధాన భూభాగం మీద సోర్ అనే పేట. రాజధాని డకార్ నుంచి వచ్చే బస్సులు, అద్దె కార్లు దింపేది అక్కడే. నడుమ సెనెగల్ నదిలో సన్నటి దీవి. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు, వెడల్పు మూడు నాలుగు వందల మీటర్లు. 1659లో ఫ్రెంచి వర్తకులు పాతుకున్నది దీని మీదే. దానికి పడమర, నదికీ అట్లాంటిక్ సముద్రానికీ మధ్య సాగిన ఇసుక దిబ్బ పేరు లాంగ్ ద బార్బరీ. ఆ దిబ్బ మీద గెట్ న్డార్ అనే జాలరిపేట ఉంది. ఇంకా దక్షిణానికి వెళ్తే హైడ్రోబేస్ అనే చోట ఒడ్డు వెంబడి హోటళ్లు ఉన్నాయి.

మన హైదరాబాద్‌కు సముద్రం లేదు. అందుకని సముద్రపు ఊరికి వెళ్తే కిటికీ తెరవగానే కెరటాలు కనపడాలని ఆశ పడతాం. మా ఇంట్లోనూ అదే వాదన నడిచింది. మావారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. హైడ్రోబేస్ హోటళ్ల ఫొటోలు చూసి అక్కడే ఉందామన్నారు.

"అంత దూరం వెళ్లి ఇరుకు సందులో పాత ఇంట్లో ఉంటామా? పాత ఇళ్లు చూడాలంటే షాలిబండ చాలదూ?"

"షాలిబండలో ఆ ఇళ్లు ఇప్పుడు ఎన్ని మిగిలాయండీ?" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. పాతబస్తీలో పెరిగినవారికి ఆ ప్రశ్న ఎక్కడ తగులుతుందో తెలుసు.

నాకు ఆ ఊరి పేరు తెలిసింది బట్ట వల్ల. నారాయణగూడలో చేనేత దుకాణం నడుపుతాను. నీలిమందు అద్దకాల గురించి చదువుతుంటే గినీ బట్ట సంగతి ఎదురైంది. ముదురు నీలం రంగు వేసిన నూలు బట్ట అది. ఫ్రెంచివాళ్లు దాన్ని మన కోరమండల్ తీరంలో, ముఖ్యంగా పుదుచ్చేరిలో నేయించి, అద్దించి ఓడల్లో సాన్ లూయీకి పంపేవారు. సహారా ఎడారి అంచుల నుంచి మూర్ వర్తకులు తుమ్మ బంక తెచ్చి నది ఒడ్డున ఈ బట్టకు మారకం వేసేవారు. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో ఆ నది మీద గినీ బట్ట తానులే డబ్బు. ధరలు తానుల్లో చెప్పుకునేవారు. ఆ బంక మళ్లీ ఐరోపాకు వెళ్లి అక్కడి అచ్చు బట్టల పరిశ్రమలో రంగు చిక్కబరచడానికి పనికొచ్చేది. ఎడారివాళ్లు బట్ట మెరుపూ వాసనా చూసి కొనేవారు, నీలం ఒంటికి అంటితే మెచ్చుకునేవారు. మా దుకాణంలో రంగు వదిలిన చీర మర్నాడే వెనక్కి వస్తుంది. రంగు అంటడమే నాణ్యమనుకున్న చోటు ఒకటుందని తెలిసినప్పటి నుంచీ ఆ ఊరు చూడాలని మనసులో ఉండిపోయింది.

మన తీరం నుంచి వెళ్లిన ఆ మూటలు ఎక్కడ దింపారు? దీవి మీది ఇళ్లలోనే. వీధి వైపు కింది అంతస్తులో కొట్లు, గిడ్డంగులు. మధ్యలో వాకిలి, అందులోంచి పైకి మెట్లు. పైన గాలి ఆడే గదులు, వీధి మీదికి చెక్క వసారా, దానికి ఇనుప కమ్మీలు. ఇలాంటి ఇళ్లు ఇంకా నిలబడి ఉండగా, వాటిలో కొన్ని బసకు గదులు ఇస్తుండగా, ఇసుకలో కట్టిన కొత్త గదిలో పడుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు.

అయితే ఆ ఇళ్లలో ఏ గది అన్నది కూడా అడిగి తీరాలి. కింది అంతస్తులో ఉన్నవి బట్టల మూటలు, బంక బస్తాలు మాత్రమే కావు. ఇంటి బానిసలు ఉన్నదీ అక్కడే. సాన్ లూయీ బానిసల వ్యాపారం కూడా చేసిన రేవు. ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దయింది 1848లో. ఇళ్లకు, పడవలకు యజమానురాళ్లయిన సిన్యార్ అనే స్త్రీల గురించి గైడ్లు ఎంతో ముచ్చటగా చెబుతారు. ఐరోపా వర్తకులతో సంసారం చేసి, సొంతంగా వ్యాపారం నడిపిన ఆఫ్రికన్, మిశ్రమ సంతతి ఆడవాళ్లు వాళ్లు. వాళ్ల నగలు, తలపాగాలు, ఊరేగింపులు నిజమే. వాళ్లకు బానిసలుండేవారన్నదీ అంతే నిజం. మేము చూసిన ఒక బసలో తక్కువ అద్దెకు కింద గది చూపించారు. కమాను పైకప్పు, చల్లగా ఉంది, చూడటానికి అందంగానే ఉంది. ఇది మొదట దేనికి వాడేవారు అని అడిగాను. ఆ కుర్రవాడు తడబడలేదు. "సరుకులు, తరువాత మనుషులు" అన్నాడు. మేము పై గది అడిగాం. ఆ గదిని మంచం వేసి అద్దెకివ్వడం కన్నా తలుపు తీసి వచ్చినవాళ్లకు చూపించడం మంచిదని నా అభిప్రాయం. ఆ కుర్రవాడికీ అదే చెప్పాను.

పై గది అడగడానికి ఇంకో కారణం చెమ్మ. పాత గోడలు ఇటుకతో, గుల్లసున్నంతో కట్టినవి. నది చుట్టూ ఉంది, సముద్రం పక్కనే ఉంది. పైగా 2003లో జరిగిన పని ఒకటుంది. ఆ ఏడు అక్టోబరులో వరద నీళ్లు ఊరిని ముంచేలా ఉంటే, ఊరికి ఏడు కిలోమీటర్ల దక్షిణాన ఇసుక దిబ్బకు అడ్డంగా 4 మీటర్ల వెడల్పు కాలువ తవ్వారు. వరద దిగింది. కానీ కాలువ ఆగలేదు. కొద్ది నెలల్లోనే వందల మీటర్లయింది, ఏళ్లు గడిచేసరికి కిలోమీటర్లయింది. నది ముఖద్వారమే అక్కడికి జరిగింది. ఆటుపోట్లు, ఉప్పునీళ్లు తిన్నగా లోపలికి రావడం మొదలైంది. దూన్ బాబా జియే అనే పల్లె నీటి పాలైంది. గాందియోల్ ప్రాంతంలో ఉల్లి, కూరగాయలు పండించే నేలలు ఉప్పు తేలాయి.

అందుకే గది చూసేటప్పుడు మంచాన్నీ దుప్పట్లనూ తరువాత చూడండి, ముందు గోడ చూడండి. నేల నుంచి మోకాలి ఎత్తు దాకా వంగి చూడాలి. తెల్లటి నూగులా ఉప్పు పట్టి ఉంటే వేలితో తీసి నాలుకకు తగిలించినా తెలిసిపోతుంది. తరువాత వేలి కణుపుతో గోడ మీద కొట్టండి. గట్టిగా పలికితే సున్నం గోడను పట్టుకుని ఉందన్నమాట. డొల్లగా పలికితే పూత గోడను వదిలేసిందన్నమాట, తరచుగా పైన సిమెంటు పూయడం వల్లే అలా అవుతుంది. సున్నపు గోడ చెమ్మ పీలుస్తుంది, ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక ఇటుకను తినేస్తుంది, పూత పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. మన డంగు సున్నపు ఇళ్లకు హైదరాబాద్‌లో జరిగిందీ ఇదే. మేము ఎంచుకున్న ఇంట్లో గోడకు సున్నమే వేయించారు. రంగు వెలిసింది, ఒకచోట బీట కూడా ఉంది. అయినా ఆ గోడ నాకు నచ్చింది. ఇంటావిడ ఏటా మేస్త్రీని పిలిపించి పూయిస్తుందట. ఖర్చు ఎక్కడి నుంచి వస్తుందంటే గదుల అద్దెల నుంచే అన్నది. యునెస్కో 2000లో ఈ దీవిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితా గౌరవం ఇస్తుంది కానీ మేస్త్రీ కూలి ఇవ్వదు. కూలి ఇచ్చేది అక్కడ దిగే మనలాంటివాళ్లు.

హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవడి అనే పాత నవాబు భవనం ముందు నిలబడి ఆ స్తంభాలను చూసినవారికి నేను ఎందుకింత పట్టుబడుతున్నానో అర్థమవుతుంది. మన దేవడీల్లో ఎన్నో కూలింది వాన వల్ల కాదు. వాడుక పోయింది, దానితో మరమ్మతు పోయింది, చివరికి ఇల్లు పోయింది. వాటిలో ఏ నాలుగైదైనా బసలుగా మారి ఉంటే ఇవాళ పిల్లలకు చూపించడానికి గోడలైనా మిగిలేవి.

ఇక దీవిలో ఉత్తరమా, దక్షిణమా? దక్షిణాన 1828 నాటి చర్చి, రెస్టారెంట్లు, యాత్రికుల సందడి. నట్టనడుమ వంతెన దగ్గర పోస్టాఫీసు, దాని ఎదురుగా ఓటెల్ ద లా పోస్త్. 1930లో ఇక్కడి నుంచి బయల్దేరి దక్షిణ అట్లాంటిక్ దాటి బ్రెజిల్‌కు టపా మోసుకెళ్లిన విమానచోదకుడు జాఁ మెర్మోజ్ దిగిన హోటల్ అది. విమానాల మీద ఇష్టమున్నవారికి అదే సరి. నేనైతే ఉత్తరాన్నే ఎంచుకుంటాను. పెద్ద మసీదు అటే ఉంది, కాపురాలు ఎక్కువ, సాయంత్రం గుమ్మాల్లో కూర్చుని టీ కాచుకునేవాళ్లు పలకరిస్తారు. తెల్లవారుజామున అజాన్ వినపడుతుంది. చార్మినార్ చుట్టుపక్కల పెరిగినవారికి అది కొత్త కాదు.

మావారికి దక్కింది వంతెన. 1897లో ప్రారంభించిన ఫెదర్బ్ వంతెన, అర కిలోమీటరు పైన పొడవున్న ఇనుప వంతెన. పడవలకు దారివ్వడానికి అందులో ఒక భాగం పక్కకు తిరుగుతుంది. దాన్ని ఐఫెల్ కట్టాడని ఊరంతా చెబుతారు, అది నిజం కాదు. మావారు రోజూ పొద్దున్నే వెళ్లి రివెట్లు చూసి వచ్చేవారు. ఆ దేశపు తొలి రైలు మార్గం, 1885 నాటి డకార్–సాన్ లూయీ లైను, వంతెనకు అవతల సోర్‌లోనే ముగిసేదని తెలిశాక హైడ్రోబేస్ మాట మరి ఎత్తలేదు.

హైడ్రోబేస్ పనికిరాదని నేను అనడం లేదు. చిన్న పిల్లలతో వెళ్లేవారికి, దక్షిణాన ఉన్న జాతీయ పార్కులో పక్షుల కోసం వెళ్లేవారికి అదే అనువు. కానీ అక్కడి కెరటాలు బలమైనవి, ఈత రానివారు నీళ్లలోకి దిగకూడదు. ఊళ్లోకి రావాలంటే ప్రతిసారీ టాక్సీ కావాలి. సముద్రం ఆ దిబ్బను కోస్తూనే ఉంది. గెట్ న్డార్‌లో ఒడ్డు వరుస ఇళ్లు అలలకు కూలి, ఆ జాలరి కుటుంబాలను ఊరి బయట జూగోప్‌కు తరలించారు. గెట్ న్డార్‌కు దీవి నుంచి చిన్న వంతెన దాటి నడిచే వెళ్లవచ్చు. రంగులు వేసిన పొడవాటి పడవలు, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు, సమాధుల మీద వలలు కప్పిన జాలరుల శ్మశానం అక్కడివే. ఫొటో తీసే ముందు అడగండి. అది వాళ్లు బతికే చోటు.

పాత ఇళ్లలో దిగితే తిండి కూడా ఇంటిదే దొరుకుతుంది. మా ఇంటావిడ చెబ్బు జెన్ వండింది. నూకల అన్నంలో చేప, కూరగాయలు, టమాటా, చింతపండు. ఆ నూకలు ఒకప్పుడు ఇండోచైనా నుంచి ఓడల్లో వచ్చినవి. ఆ వంటకం పుట్టింది ఈ ఊళ్లోనే అంటారు. యునెస్కో 2021లో దానికీ గుర్తింపు ఇచ్చింది. పళ్లెం అంచున పచ్చని ముద్ద ఒకటి పెట్టింది. నోట్లో పెట్టుకోగానే నేనూ మావారూ ఒకేసారి తలెత్తాం. గోంగూర! వాళ్లు ఆ మొక్క పువ్వు అడుగున ఉండే ఎర్రటి కండ తొడుగులతో ఎర్రటి పానకం చేస్తారు, దాన్ని బిస్సాప్ అంటారు. ఆకును ఉడికించి ఇలా అన్నంలోకి తింటారు. నూనె, ఎండుమిరప తక్కువ, పులుపు మాత్రం మనదే. ఆవిడకు మా పచ్చడి ఎలా చేస్తామో చేతులతో అభినయించి చెప్పాను. మర్నాడు వెల్లుల్లి వేసి చేసి చూపించింది.

గదులు దొరకని రోజులు రెండున్నాయి. జాజ్ సంగీతోత్సవం ఒకటి, సాధారణంగా మే, జూన్ ప్రాంతంలో. రెండోది సెప్టెంబరు 5. సూఫీ గురువు అమాదూ బాంబాను 1895లో ఫ్రెంచి గవర్నరు విచారణకు పిలిపించినప్పుడు, ఆయన గవర్నరు భవనంలోనే రెండు రకాతుల నమాజు చదివాడని, ఆ జ్ఞాపకంగా ఆ రోజు దేశమంతటి నుంచి జనం వస్తారు. తరువాత ఆయనను గాబన్‌కు ప్రవాసం పంపారు. జూలై నుంచి అక్టోబరు దాకా వానలు, దోమలు. నవంబరు నుంచి ఏప్రిల్ మధ్య వెళ్తే సుమారు అరవై కిలోమీటర్ల దూరంలోని జూజ్ పక్షి ఆశ్రయంలో పెలికాన్లు కూడా కనిపిస్తాయి. ఏ నెలలో వెళ్లినా గదిలో దోమతెర ఉందో లేదో ముందే అడగండి.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మరచిపోకండి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు, ముందుగా కనుక్కుని పాస్‌పోర్టు తీసుకుని వెళ్లండి. పసుపు రంగు కార్డు ఇస్తారు. అది లేకుండా తిరిగివస్తే శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఇంటికి కాక క్వారంటైన్‌కు పంపే అధికారం అక్కడి ఆరోగ్య అధికారులకు ఉంది. కార్డును పెట్టెలో కాకుండా పాస్‌పోర్టుతో పాటే చేతి సంచిలో ఉంచుకోండి.