రుబ్బొద్దు, దంచు

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో నేను రెండు వంట క్లాసులకు వెళ్లాను. మొదటిదానికి 1,200 భాట్లు కట్టాను, మన డబ్బుల్లో దాదాపు మూడు వేలు. వాళ్ల కరపత్రంలో ‘అసలు సిసలు లోకల్ వంట’ అని నాలుగు చోట్ల రాసి ఉంది. అప్పుడే అనుమానం రావాల్సింది.

ముందు సోంఫెత్ మార్కెట్‌కి తీసుకెళ్లారు. పదిమందిని చుట్టూ నిలబెట్టి, గైడ్ అమ్మాయి ఒక కాయ పైకెత్తి చూపించి “ఇది కొబ్బరికాయ” అంది. తర్వాత కొత్తిమీర, ఆ తర్వాత పచ్చి పసుపు కొమ్ము. తెల్లవాళ్లు ఫొటోలు తీసుకున్నారు. తెనాలి నుంచి వెళ్లినదాన్ని, కొబ్బరికాయకు నేనేం ఫొటో తీస్తాను! ఒక్క ‘ఖా’ దగ్గర మాత్రం ఆగిపోయాను. చూడ్డానికి అల్లంలాగే ఉంది, విరిచి వాసన చూస్తే చిన్నప్పుడు దగ్గొస్తే మా అమ్మమ్మ కాచి తాగించిన కషాయం. దుంపరాష్ట్రం! మనం పచారీ కొట్లో ఎండుది పొట్లం కట్టించుకునేదాన్ని వీళ్లు పచ్చిగా చక్రాలు కోసి పులుసులో వేసేస్తున్నారు.

క్లాసులో కూరగాయలు ముందే తరిగి పెట్టేశారు. కూర ముద్ద కూడా ముందే నూరి గిన్నెల్లో సర్దేశారు. రోలు ఒకటుంది, దాని ముందు మనిషికి ఒక నిమిషం, అది కూడా ఫొటో కోసం. చేసినవి పాడ్ థాయ్ నూడుల్స్, గ్రీన్ కర్రీ, మామిడిపండుతో జిగురన్నం. అక్కడి ఉత్తరాది వంట అని చెప్పుకోడానికి ఖావో సోయ్ అనే కొబ్బరిపాల నూడుల్స్ కూర ఒక్కటే. మూడు వేలు పెట్టి తిరగమోత వేసి వచ్చినట్టయింది. మా ఆయన మాత్రం బాగుందన్నారు. ఆయనకి వండిపెడితే ఏదైనా బాగుంటుంది.

తర్వాత రెండు రోజులు వాన. కొండ మీదున్న దొయ్ సుతెప్ గుడికి వెళ్లాం, మంచులో ఊరేమీ కనిపించలేదు. ఎర్ర సాంగ్‌తేవ్ వాడు, అంటే షేర్ బండి వాడు, వంద భాట్లు అడిగాడు, ఇచ్చాం.

మూడో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చింది. గెస్ట్‌హౌస్ వెనక సందులోంచి టక్, టక్, టక్ అని ఒకే లయలో చప్పుడు. రోలు చప్పుడు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పులేసుకుని వెళ్లి చూస్తే, బొగ్గుల పొయ్యి ముందు చిన్న పీట మీద ఒక పెద్దావిడ, పక్కన నల్లరాతి రోలు. పొట్లాలు కట్టి మార్కెట్లో అమ్ముకుంటుందట. గెస్ట్‌హౌస్ అమ్మాయి ఆవిణ్ణి ‘పా’ అని పిలవమంది. పా అంటే పెద్దమ్మ. నాకు నేర్పుతారా అని ఫోన్‌లో అనువాదం చేసి చూపించాను. పెద్దమ్మ నన్ను పైనుంచి కిందకి చూసి మూడు వేళ్లు చూపించింది. మూడు వందలా, మూడు వేలా అని ఒక్క క్షణం గుండె జారింది. మూడు వందలే.

ఆవిడ చేస్తున్నది నామ్ ఫ్రిక్ నుమ్, కాల్చిన పచ్చిమిరపకాయల పచ్చడి. పొడుగాటి లేతాకుపచ్చ మిరపకాయల్ని, పొట్టుతో ఉన్న వెల్లుల్లిని, చిన్న ఉల్లిపాయల్ని వెదురు పుల్లలకు గుచ్చి, తొక్క నల్లబడి ఉబ్బేదాకా బొగ్గుల మీద కాలుస్తారు. తొక్క చేత్తోనే వలవాలి. నేను సులువు కోసం నీళ్లలో ముంచబోతే చేతిమీద ఒక్కటిచ్చింది. కడిగితే పొగ వాసన పోతుందట. మిరపకాయల గంప నా ముందుకు తోసింది. రెండు కిలోలు ఉంటాయి. పాఠం చెప్పించుకుంటున్నానో, డబ్బిచ్చి మరీ కూలికి కుదిరానో అర్థం కాలేదు.

ముందు ఉప్పు, వెల్లుల్లి. తర్వాత ఉల్లిపాయలు, చివర్న చీల్చిన మిరపకాయలు. రోకలి నా చేతికివ్వగానే అలవాటుగా గుండ్రంగా తిప్పి నూరడం మొదలుపెట్టాను. మా ఇంట్లో పచ్చడి అంటే అంతే మరి. ఆవిడ కంగారుగా నా మణికట్టు పట్టుకుంది. ఫోన్‌లో ఏదో చెప్పింది, తెరమీద “తిప్పవద్దు, కొట్టు” అని వచ్చింది. రుబ్బొద్దు, దంచు! మిరపకాయ ముద్దవకూడదు, నార నారగా వేళ్లకు తగలాలి. ఆ ఒక్క ముక్క మొన్నటి మూడు వేల క్లాసులో ఎవరూ చెప్పలేదు. కాస్త చేపసాస్ చుక్కలు వేసి దింపేసింది.

రాత్రి నానబెట్టి వెదురు బుట్టలో ఆవిరికి పెట్టిన జిగురన్నం చేత్తో ఉండ చేసి, అద్దుకుని తినమంది. వాళ్లు పంది తోలు వేపుడుతో తింటారు, నేను ఉడికించిన గుమ్మడి ముక్కలతో సరిపెట్టుకున్నాను. చింతపండు లేని మన పచ్చిమిరపకాయ పచ్చడే, పక్కన నెయ్యి గిన్నె ఒక్కటే తక్కువ. “అరోయ్” అన్నాను, బాగుందని. పెద్దమ్మ తల అడ్డంగా ఊపి “లం” అంది. అరోయ్ బ్యాంకాక్ మాటట, ఇక్కడ ‘లం’ అనాలట.

గుంటూరు జిల్లా దాన్ని, మిరపకాయ నన్నేం చేస్తుందనుకున్నాను. సాయంత్రానికి పది వేళ్లూ భగభగ. పెరుగు రాసుకుందామని మా ఆయన్ని ఎదురు కొట్టుకి పంపితే స్ట్రాబెర్రీ పెరుగు తెచ్చారు, అదొక్కటే ఉందట. అదే రాసుకుని రాత్రంతా చేతులు ఫ్యాన్ కింద చాపుకుని కూర్చున్నాను. డబ్బాలో మిగిలింది ఆయన తినేశారు.