లేబుల్ మీద తాతయ్య ఫొటో

లఖూభాయ్ పాఠక్ అనగానే మన తరం వాళ్ళకి పచ్చళ్ళు గుర్తుకు రావు, పి.వి. నరసింహారావు గారి మీద నడిచిన కేసు గుర్తొస్తుంది. పి.వి.కి సన్నిహితుడని పేరున్న చంద్రస్వామి అనే స్వామీజీకి లక్ష డాలర్లు ఇచ్చి మోసపోయానని ఫిర్యాదు చేసిన లండన్ పచ్చళ్ళ వ్యాపారి ఆయనే. ఆ కేసులో పి.వి. 2003లో నిర్దోషిగా బయటపడేసరికి పాఠక్ చనిపోయి ఆరేళ్ళయింది. మా పిల్లలకి ఇదంతా తెలియదు. వాళ్ళకి తెలిసిందల్లా సూపర్‌మార్కెట్ అరలో ఉండే ‘పటాక్స్’ సీసా. ఆ ఫ్యాక్టరీ కూడా మేముండే మాంచెస్టర్‌కి దగ్గర్లోనే, లీ అనే ఊళ్ళో ఉంది.

బడిలో బిజినెస్ సబ్జెక్టుకి ఏదైనా కుటుంబ కంపెనీ గురించి రాయమంటే మా అమ్మాయి దాన్నే ఎంచుకుంది. గుజరాత్‌లో పుట్టి, కెన్యాలో బతికి, 1956లో కుటుంబంతో లండన్ వచ్చిన మనిషి. ఇక్కడ దొరికిన మొదటి పని మురుగుకాలవలు శుభ్రం చేయడం. చిన్న వంటింట్లో భార్యతో కలిసి సమోసాలు, మిఠాయిలు చేసి అమ్మడంతో వ్యాపారం మొదలైంది. ఇంగ్లీషు వాళ్ళ నోరు తిరగడానికి ఇంగ్లీషులో రాసే పేరులోంచి ‘హెచ్’ అక్షరం తీసేశారు. 1972లో ఈదీ అమీన్ ఉగాండా నుంచి మనవాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు శరణార్థి శిబిరాలకి సరుకు పంపారు. తర్వాత కొడుకు కిరీట్, కోడలు మీనా దాన్ని పెద్ద కంపెనీ చేసి, 2007లో అసోసియేటెడ్ బ్రిటిష్ ఫుడ్స్‌కి అమ్మేశారు.

ఇక్కడిదాకా అమ్మాయి గబగబా రాసేసింది. 2004 దగ్గర ఆగిపోయింది. తమ వాటాలు తమకి తెలియకుండా సోదరుడి చేతికి పోయాయని పాఠక్ కూతుళ్ళిద్దరు లండన్ హైకోర్టుకి వెళ్ళారు. హిందూ కుటుంబాల్లో ఆడపిల్లలకి వ్యాపారంలో వాటా ఇచ్చే ఆనవాయితీ లేదని అవతలి పక్షం వాదించింది. తల్లి కొడుకు వైపే నిలబడింది. తీర్పు రాకముందే రాజీ కుదిరింది.

“అమ్మా, మన పచ్చళ్ళ కంపెనీలో నీ వాటా ఎంత?” అని అడిగింది అమ్మాయి.

మాది కంపెనీ అనడానికి పెద్దగా ఏమీ లేదు. రాజమండ్రి పక్కన మా ఊళ్ళో తాతయ్య కిరాణా కొట్టు ఉండేది. నాయనమ్మ పెట్టిన ఆవకాయని జాడీలోంచి తీసి, తూచి అమ్మేవాడాయన. నాన్న హయాంలో షెడ్డు వేసి, పచ్చళ్ళ తయారీకి అప్పట్లో కావలసిన ఎఫ్.పి.ఓ. లైసెన్సు తీసుకున్నారు. ఇప్పుడు అన్నయ్య చూసుకుంటున్నాడు, అమెరికాకి కొరియర్ కూడా చేస్తాడు. మొదటి లేబుల్ నుంచి ఇవాళ్టి ప్యాకెట్ దాకా తాతయ్య ఫొటోనే, నుదుట బొట్టుతో, ఉత్తరీయంతో.

ఆయనకి ఆవకాయ కలపడం రాదు. తినడం వచ్చు.

వేసవి సెలవుల్లో నేను చూసింది వేరు. కాయల బండి రాగానే నాయనమ్మ గోరుతో మీటి, మెత్తబడిన కాయని అక్కడే పక్కన పడేసేది. టెంక గట్టిపడిన కాయే కావాలి, లేకపోతే ముక్క నాలుగు నెలలకే నలిగిపోతుంది. కొట్టిన ముక్కల్లోంచి జీడి తీసి, లోపలి పొర గీకి, పొడిబట్టతో ఒక్కో ముక్కనీ తుడవాలి. ఒక్క ముక్కకి తడి ఉన్నా జాడీకి బూజు పడుతుంది. ఆవపిండి ఘాటు ఏటికేడు మారుతుంది గనక పాళ్ళు కాగితం మీద లేవు. మూడో రోజు తిరగ కలిపేటప్పుడు చిటికెడు నాలిక మీద వేసుకుని “రెండు గుప్పిళ్ళు ఉప్పు పట్టుకురండి” అనేది. పాత జీతాల పుస్తకాల్లో ముక్కలు కొట్టేవాళ్ళ పేర్లున్నాయి, బండివాడి పేరుంది. ఆవిడ పేరు ఒక్క పేజీలోనూ లేదు.

తాతయ్య వీలునామా రాయకుండా పోయారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకి, కొడుకులకి, కూతుళ్ళకి సమాన వాటా. పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలోనూ హక్కు ఇచ్చే సవరణ ఎన్టీఆర్ హయాంలో మన రాష్ట్రంలో 1985 నుంచే అమల్లోకి వచ్చింది. దేశమంతటా రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం సంగతి అలా ఉంటే మా మేనత్తలిద్దరూ పట్టుచీరలు అందుకుని, రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టి వెళ్ళారు. పెళ్ళిళ్ళప్పుడు పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా అన్నారు ఇంట్లో.

ఇదంతా అమ్మాయికి చెప్పేశాను. ఇంటి గుట్టు పిల్లల ముందు ఎందుకని మావారు విసుక్కున్నారు. నా ఉద్దేశం వేరు. ఇక్కడ మనం పిల్లలకి ఊరి గురించి చెప్పేవన్నీ కమ్మటి కబుర్లే. జాడీలు, అరిటాకులు, తాతయ్య కష్టం. పదిహేనేళ్ళ పిల్ల ఇంటర్నెట్‌లో పాఠక్ కేసు చదవగలిగినప్పుడు, తన ఇంటి లెక్క మాత్రం మూటకట్టి దాస్తే నమ్ముతుందా?

అలాగని అన్నయ్యని దుర్మార్గుణ్ణి చేసి రాయడానికి నేను ఒప్పుకోలేదు. కిరీట్ పాఠక్‌ని కూడా. మామిడి సీజన్లో అన్నయ్య ఇంటికి పడుకోవడానికే వస్తాడు. అకాల వర్షానికి కాయ రాలితే అప్పు ఆయన నెత్తినే. నేను ఇక్కడ హీటర్ పక్కన కూర్చుని ఉద్యోగం చేసుకుంటున్నాను. “కష్టపడినదానికి మామయ్య జీతం తీసుకోవచ్చుగా, వాటా వేరు కదా?” అంది అమ్మాయి. ఆ వయసులో నాకు ఆ తేడా తెలియదు. మావాడు పక్కనుంచి “అయితే పెద్దయ్యాక నేనెళ్ళి పచ్చళ్ళు పెట్టక్కర్లేదుగా?” అన్నాడు. వాడి బెంగ వాడిది.

ఆ ఆదివారం వీడియో కాల్‌లో అమ్మాయి నేరుగా మామయ్యనే అడిగింది, ప్యాకెట్ మీద ముత్తవ్వ ఫొటో ఎందుకు లేదని. అన్నయ్య నవ్వేశాడు. తర్వాత లేచి వెళ్ళి బీరువా వెతికాడు. నాయనమ్మ ఒక్కతే ఉన్న ఫొటో ఓటరు కార్డు మీద తప్ప ఎక్కడా దొరకలేదు. అది అచ్చుకి పనికిరాదు, పెళ్ళి గ్రూప్ ఫొటోలోంచి ఎవరిచేతనైనా తీయించాలన్నాడు. “ఈ వేసవికి లేబుళ్ళు అచ్చయిపోయాయి, పైఏడు చూద్దాం లేమ్మా” అన్నాడు.

నాన్న పోయాక అన్నయ్య పంపిన కాగితాలు నా డ్రాయర్లోనే ఉన్నాయి, సంతకం కోసం. ఫోన్ పెట్టేసే ముందు ఆయనే వాటి ఊసెత్తాడు. అదీ పైఏడే చూద్దాం అన్నాను.