పొడుగువాళ్లు బండి కొనేముందు

నా ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. బండి కొనాలంటే సీటు ఎత్తు చూడమంటారు అందరూ. నేనైతే సీటుకీ ఫుట్‌పెగ్‌కీ (పాదం పెట్టుకునే కడ్డీకీ) మధ్య దూరం చూడమంటాను. అది తక్కువైతే మోకాళ్లు బాగా మడుచుకుపోతాయి, బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో కాసేపటికే పీకేస్తాయి.

షోరూంలో బండెక్కి, పాదాలు పెగ్‌ల మీద పెట్టి, హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిప్పండి. గ్రిప్ మోకాలికి తగిలిందా, ఇక ప్రతి యూటర్న్ దగ్గరా టెన్షనే.

రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల హిమాలయన్ 450 నాకు బాగా కుదిరింది. దాని సీటు 825 మిల్లీమీటర్లు, 845కి పెంచుకోవచ్చు. ఆ 20 మిల్లీమీటర్లు కాగితం మీద చిన్నవే, తొడలకి మాత్రం ఎంత హాయో! (వెనక కూర్చునే మా ఆవిడని కూడా ఎక్కించి చూశాకే డబ్బు కట్టాను.)

హ్యాండిల్ కింద రైజర్లు (దాన్ని పైకి లేపే దిమ్మలు) తర్వాతైనా వేయించుకోవచ్చు. పెగ్‌లు కిందికి దించడం అంత తేలిక కాదు, మలుపుల్లో నేలకి రాసుకుంటాయి.