ఇస్తామన్న బోనస్ ఎగ్గొడితే

మా బాబాయి కొడుకు జీడిమెట్లలో ఒక యూనిట్‌లో చేస్తాడు, మొన్న ఫోన్ చేసి "అన్నా, ఈసారి లాభాల్లేవు, బోనస్ లేదంటున్నారు, ఏం చేయాలి" అన్నాడు. నేను పేరోల్ పనిలో ఉన్నా కాబట్టి ఇలాంటి ఫోన్లు చాలానే వస్తాయి, అందరినీ ముందు అడిగేది ఒకటే, ఏ బోనస్?

వాడిది చట్టం ప్రకారం రావాల్సిన బోనస్. 20 మంది, ఆపైన పనిచేసే చోట, ఆ ఏడాదిలో కనీసం 30 రోజులు చేసి, జీతం లిమిట్ లోపల ఉంటే చాలు (1965 బోనస్ చట్టంలో ఆ లిమిట్ చివరికి నెలకి 21,000 అయింది), బోనస్ లెక్కకి తీసుకునే ఏడాది వేతనంలో 8.33 శాతం ఇచ్చి తీరాలి, అంటే పన్నెండో వంతు. నష్టమొచ్చినా సరే ఇవ్వాలి, కొత్తగా పెట్టిన కంపెనీలకి మాత్రం మొదటి ఐదేళ్లు లాభం వస్తేనే. గడువు అకౌంటింగ్ ఇయర్ అయ్యాక 8 నెలలు, మార్చితో లెక్క ముగిస్తే నవంబర్ ఆఖరు. మధ్యలో రిజైన్ చేసినా చేసిన రోజులకి వస్తుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు, హెచ్ఆర్ వాళ్లు చెప్పరు కూడా. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం ప్లేస్‌లో వేతనాల కోడ్ వచ్చింది, 8.33 అలాగే ఉంది, క్లెయిమ్ వేసే టైం మాత్రం మూడేళ్లు ఇచ్చారు. వాణ్ణి లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టమన్నా, ఒక్కడే కాదు, నలుగురు కలిసి.

ఐటీ వాళ్ల గొడవ వేరు. వేరియబుల్ పే (పనితీరుని బట్టి ఇచ్చేది), రిటెన్షన్ బోనస్ (మానేయకుండా ఉన్నందుకు ఇచ్చేది) లాంటివన్నీ ఆఫర్ లెటర్‌లో రాసుకున్న మాట మీద నడుస్తాయి. ఇంత టార్గెట్ కొడితే ఇంత ఇస్తాం అని రాసి, మీరు కొట్టుంటే అడిగే హక్కుంది. కానీ చాలా లెటర్లలో కింద "మేనేజ్‌మెంట్ విచక్షణ మేరకు" అని ఒక లైన్ పెడతారు, దాన్ని అడ్డం పెట్టుకుని చేతులెత్తేస్తారు, సీటీసీలో (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు లెక్క) మాత్రం ఆ డబ్బు కలిపి చూపిస్తారు, ఇది నాకు పచ్చి మోసంలాగే అనిపిస్తుంది. మేనేజర్ కేబిన్‌లో నోటితో చెప్పిన మాటని తర్వాత నిరూపించడం చాలా కష్టం, అందుకే అదే రోజు "మీరు చెప్పినట్టు ఇంత, ఫలానా నెలలో" అని ఒక మెయిల్ కొట్టేయండి. ఇవ్వకపోతే ముందు రాతపూర్వకంగా అడగండి, తర్వాత లాయర్ నోటీసు, చాలాసార్లు ఆ నోటీసు దగ్గరే కదులుతారు.

రిజైన్ చేసే ఆలోచన ఉంటే ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, అప్రైజల్ లెటర్ ముందే దగ్గర పెట్టుకోండి, లాగిన్ తీసేశాక అవి ఇవ్వమని మళ్లీ వాళ్లనే బతిమాలుకోవాలి.