బొమ్మా, బొరుసా

ఆదివారం, రాత్రి పదకొండున్నర.

పొద్దున ఆబిడ్స్‌లో పేవ్‌మెంటు మీది పాత పుస్తకాలు తిరగేయడం తప్ప చెప్పుకోదగ్గ పనేమీ చేయలేదు. ఎండ ముదరకముందే నాంపల్లిలో మెట్రో ఎక్కి కూకట్‌పల్లి వచ్చి పడ్డాను. పప్పుచారు తిన్నాక నిద్ర ఆపుకుని కార్మాక్ మెకార్తీ ‘నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్’ చివరి పేజీలు పూర్తిచేశాను.

సాయంత్రం అక్కా బావా వచ్చారు. అదే నవలను కోయెన్ సోదరులు 2007లో తీసిన సినిమా టీవీలో పెట్టి, నాలుగు ఆస్కార్లు వచ్చాయని ఊరించి కూర్చోబెట్టాను. మొదట్లోనే బేడీల గొలుసుతో పోలీసు గొంతు బిగించే సీను చూసి అక్క లేచి వంటింట్లో అమ్మ దగ్గరికి వెళ్లిపోయింది. బావ మాత్రం కదల్లేదు.

1980, టెక్సాస్ సరిహద్దు. వేటకు వెళ్లిన మాస్ అనే అతనికి శవాల మధ్య ఇరవై లక్షల డాలర్లు దొరుకుతాయి. వాటికోసం షిగుర్ అనే హంతకుడు వెంటపడతాడు. కథంటే ఇంతే. అసలు సంగతి పెట్రోలు బంకు సీనులో ఉంది. షిగుర్ జీడిపప్పు తిని, కవరు నలిపి కౌంటరు మీద పడేస్తాడు. ఆ ఉండ తనంతట తానే మెల్లగా విచ్చుకుంటుంది. బంకు ముసలాయన దాన్నే చూస్తుంటాడు. నేపథ్య సంగీతం ఉన్నట్టే తెలియదు. మన సినిమాల్లో అయితే ఈపాటికి డప్పులు మోగిపోయేవి! 1958 నాటి నాణెం, 22 ఏళ్లు ప్రయాణించి ఇక్కడికొచ్చింది, చెప్పు, బొమ్మా బొరుసా అంటాడు షిగుర్. పందెంలో ఒడ్డింది తన ప్రాణాన్నేనని ముసలాయనకు తెలియదు. సరిగ్గా అప్పుడే వంటింట్లో అమ్మ మిక్సీ వేసింది. బావ ఉలిక్కిపడ్డారు.

మెకార్తీ దీన్ని మొదట సినిమా స్క్రిప్టుగానే రాసి, ఆ తర్వాత నవల చేశాడు, 2005లో అచ్చయింది. మాటలు చాలావరకు ఉన్నవి ఉన్నట్టే తెరకెక్కడం అందుకే కాబోలు. మార్చిన కొద్దిలో ఒకటి మాత్రం కథ మొగ్గునే మార్చేసింది. నవలలో మాస్ భార్య కార్లా జీన్ షిగుర్ ముందు ఏడ్చి బతిమాలి, చివరికి బొమ్మ అంటుంది. బొరుసు పడుతుంది. సినిమాలో ఆమె అసలు ఎంచుకోదు. నాణేనికేం సంబంధం, చంపేది నువ్వే కదా అంటుంది. తర్వాత షిగుర్ ఇంటి బయట నిలబడి బూటు అడుగు చూసుకోవడమే మనకు కనిపిస్తుంది. రక్తం అంటిందేమోనని.

“ఏదో ఒకటి అనేస్తే సగం అవకాశమైనా ఉండేది కదా” అన్నారు బావ.

నాకలా అనిపించలేదు. ఆమె పలికి ఉంటే చావులో ఆమెకూ వాటా అంటగట్టేవాడు. వాడికి కావలసిందీ అదే. నవలలో ఆ పేజీలు మధ్యాహ్నం నాకు ఊపిరాడనివ్వలేదు, నిజమే. అయినా ఈ ఒక్కచోట నా ఓటు సినిమాకే.

బావ కోపం వేరే. అంతసేపు వెంట తిప్పిన మాస్ ఎలా చచ్చాడో చూపించకుండా, షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) వచ్చేసరికి శవాన్ని పడుకోబెట్టడమేమిటని! పుస్తకంలో సరిగ్గా రాసే ఉంటాడంటూ వెళ్లేటప్పుడు నవల చంకన పెట్టుకున్నారు. అందులోనూ అంతేనని నేను చెప్పలేదు. చెబితే అక్కడే పడేసి పోయేవారు.