ర్యాంకు బడిదా, పిల్లలదా?

ఎంట్రన్స్ పెట్టి పిల్లల్ని ఏరి తీసుకునే హైస్కూల్లోనూ, వచ్చినవాళ్లందర్నీ చేర్చుకునే ప్రభుత్వ బడిలోనూ లెక్కలు చెప్పాను. మొదటి చోట రిజల్ట్స్ అదిరిపోయేవి. అందులో నా గొప్ప తక్కువే! సగం పని ఆ ఎంట్రన్సే చేసిపెట్టేది, మిగతాది చదువుకున్న అమ్మానాన్నలు, ట్యూషన్లు. అమెరికాలో 1966లో వచ్చిన కోల్‌మన్ నివేదిక కూడా బడి వనరుల కన్నా ఇంటి నేపథ్యం ప్రభావమే ఎక్కువని తేల్చింది. పదిహేనేళ్ల పిల్లలకి దేశదేశాల్లో పెట్టే పీసా పరీక్షల్లో, 2018లోనూ కుటుంబ స్థితిగతుల్ని పరిగణిస్తే, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) దేశాల సగటున ప్రైవేటు బడుల ఆధిక్యం నిలవలేదు.

అలాగని బడి ఏదైనా ఒకటే అనను. రెండో చోట భిన్నాలు కూడా రాకుండా తొమ్మిదో తరగతికి వచ్చినవాళ్లు, సాయంత్రాలు అదనంగా కూర్చోబెడితే, ఏడాది తిరిగేసరికి బీజగణితం చేశారు. ఆ ఎదుగుదల పాస్ పర్సంటేజీలో ఎక్కడా కనపడదు. రివ్యూ మీటింగుల్లో ఎవరూ అడగరు కూడా.