గంజాయి మానేశాక మొదటి 28 రోజులు

తొమ్మిదేళ్లు రోజూ గంజాయి తాగాను. ఆ తొమ్మిదేళ్లలో నా బుర్ర మందగించిందని నాకు ఒక్కసారీ అనిపించలేదు. ఈ జబ్బులో అసలు చిక్కు అదే. కాటాయే తప్పు చూపిస్తుంటే తూకం తగ్గిందని ఎలా తెలుస్తుంది?

2009లో వచ్చిన ఒక మెదడు స్కానింగ్ అధ్యయనం గురించి చదివాకే ఈ సంగతి నాకు అర్థమైంది. ఒక ఆటలాంటి పరీక్షలో గంజాయి అలవాటున్నవాళ్లు తప్పులేమీ ఎక్కువ చేయలేదు. మిగతావాళ్లతో సమానంగానే చేశారు. కానీ తాము తప్పు చేశామని గుర్తించింది మాత్రం తక్కువ. ఆ క్షణంలో మెదడులో రెండు చోట్ల చురుకుదనం తగ్గి కనిపించింది. ఒకటి పొరపాటును పసిగట్టే యాంటీరియర్ సింగ్యులేట్, రెండోది ఒంట్లో జరిగేది మనకు తెలియజేసే కుడివైపు ఇన్సులా. ‘నాకేం కాలేదు’ అని అన్నేళ్లు అన్నది నేను నమ్మే అన్నాను, అబద్ధమాడలేదు.

ఇదెలా జరుగుతుందంటే, మెదడే గంజాయిలాంటి పదార్థాలను తయారుచేసుకుంటుంది. 1992లో గుర్తించిన మొదటిదానికి మన ‘ఆనంద’ శబ్దంతోనే ఆనందమైడ్ అని పేరు పెట్టారు. సందేశం అందుకున్న నాడీకణం ఇలాంటి పదార్థాలను వెనక్కి, పంపిన కణం వైపు వదులుతుంది. ‘ఇక చాలు, తగ్గించు’ అని చెప్పడమన్నమాట. అవసరమైనచోట, అవసరమైనంతసేపే. గంజాయిలో మత్తెక్కించే పదార్థమైన టీహెచ్‌సీ ఆ మాటనే మెదడంతటా ఒకేసారి, గంటల తరబడి చెబుతుంది. రోజూ అలా జరిగితే దాన్ని అందుకునే సీబీ1 గ్రాహకాలను మెదడు తగ్గించుకుంటుంది. 2012లో వచ్చిన పెట్ స్కాన్ ఫలితాల్లో రోజూ తాగేవాళ్ల మెదడు పైపొరలో ఇవి సుమారు 20 శాతం తక్కువగా ఉన్నాయి. నాలుగు వారాలు పూర్తిగా మానేస్తే చాలావరకు తిరిగి పెరిగాయి. నేను 28 రోజుల లెక్క పెట్టుకున్నది అందుకే.

మెదడు భాగాల మధ్య అనుసంధానం కథ ఇంత సూటిగా ఉండదు. 2014 నాటి ఒక అధ్యయనంలో దీర్ఘకాలం వాడినవాళ్లకు కంటి గూళ్ల పైనుండే ముందుభాగం చిన్నదిగా, అనుసంధానం మాత్రం ఎక్కువగా కనిపించింది. వాడిన ఏళ్లు పెరిగేకొద్దీ ఆ అనుసంధానమూ తగ్గుతూ వచ్చింది. కొరతను పూడ్చుకోవడానికి మెదడు కొన్నాళ్లు ఎక్కువ శ్రమపడి, తర్వాత అలసిపోతుందేమోనని ఒక వివరణ. ఇలాంటి స్కాన్లు తేడాను చూపిస్తాయి గానీ కారణం గంజాయేనని రుజువు చేయవు. ఇది చెప్పకుండా భయపెట్టేవాళ్లంటే నాకు కోపం.

ఇక మానేయడం. చిరాకు, ఆందోళన, ఆకలి లేకపోవడం, రాత్రి చెమటలు మొదటి మూడు రోజుల్లోపే మొదలవుతాయి. మొదటి వారంలో తారస్థాయికి చేరి, రెండు వారాలకు చాలామటుకు తగ్గుతాయి. నిద్ర మాత్రం నెల దాటినా పూర్తిగా కుదురుకోకపోవచ్చు. గంజాయి అణిచిపెట్టిన కలల నిద్ర ఒక్కసారిగా తిరిగొస్తుంది. కలలు ఎంత గాఢంగా వస్తాయంటే మెలకువ వచ్చాక కాసేపు ఏది నిజమో తేలదు. ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. ‘ఇది లేకపోతే నాకు నిద్రే రాదు, అంటే నాకిది అవసరమే’ అనుకుంటారు. అది అవసరం కాదు, మానేసిన ప్రభావం. నిద్ర కోసం మద్యం పట్టడం రెండో పొరపాటు. పొగాకు కలిపి చుట్టుకునేవాళ్లకు నికోటిన్ బాధ కూడా తోడవుతుంది. దాన్ని విడిగా గుర్తించి, నికోటిన్ ప్యాచ్ గురించి డాక్టర్‌ను అడగాలి. గంజాయి మానేసినప్పటి బాధలకంటూ ఆమోదం పొందిన మందు లేదు. ప్రవర్తనా చికిత్స, కౌన్సెలింగ్ పనిచేస్తాయి. టీహెచ్‌సీ కొవ్వులో నిల్వ ఉంటుంది కాబట్టి మూత్ర పరీక్షలో నెల దాటాక కూడా కనిపించవచ్చు. దాన్ని చూసి ‘మానినా లాభం లేదు’ అనుకోకండి. లేని గొంతులు వినిపించినా, ఎవరో వెంటపడుతున్నారనిపించినా, చనిపోవాలనిపించినా, ఆగకుండా వాంతులవుతున్నా నోట్‌బుక్ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నోట్‌బుక్ అంటే, నేను చేసుకున్న కొలత. ఉదయం ఆ రోజు పనులు ఎనిమిది రాసి పుస్తకం మూసేయాలి. రాత్రి దాన్ని తెరవకముందే వేరే కాగితం మీద రెండు రాయాలి. మొదట, ఎన్ని గుర్తొస్తాయో ఒక అంకె. తర్వాత, గుర్తొచ్చిన పనులు. అప్పుడు రెండూ సరిచూసుకోవాలి. గుర్తొచ్చినవి ఎన్ని అన్నది ముఖ్యం కాదు, అలవాటైతే అది ఎలాగూ పెరుగుతుంది. అంచనాకీ అసలుకీ మధ్య దూరాన్నే చూడాలి. పక్కన ఇంకో గడి గీసి, ఆ రోజు నేనెలా ఉన్నానో పదికి ఎన్నో ఇంట్లోవాళ్లను వేయమన్నాను. నా మార్కు నేను చెప్పాక కాదు, చెప్పకముందే.

మొదటి వారమంతా నా అంచనా ఏడు, ఎనిమిది. గుర్తొచ్చినవి మూడు, నాలుగు. మూడో వారంలో నేను గమనించిన మొదటి మార్పు గుర్తొచ్చే పనులు పెరగడం కాదు. నా అంచనా అయిదుకు దిగింది.